కుంబారోస్ ముందు కొలకర్ర

వాయాకి ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి! చలికాలానికి కొత్తింటి బాయిలరుకి ఆయిలు ఎవరి చేత పోయించుకోవాలా అని ఎన్ని ఫోన్లు చేసిందో, ఎంతమందిని వాకబు చేసిందో! చివరికి పక్క ఊరి త్రయానోస్‌ని ఖాయం చేసుకుంది. ఇప్పుడు మొగుడుగారు తాపీగా కాఫీ చప్పరిస్తూ, "అతన్ని రావద్దన్నాను వాయా. మన లాజోస్ తెస్తున్నాడు," అన్నాడు.

"ఎప్పుడన్నావు రావద్దని?"

"నిన్న."

"నిన్నటి మాట ఇవాళ చెబుతున్నావా?"

"నిన్నే చెబితే నిన్నంతా తిట్టేదానివి కదా," అన్నాడు ఆర్గిరిస్, కప్పులోకి చూస్తూ.

ఆ త్రయానోస్‌ని ఆమె ఎందుకు ఎంచుకుందో ఈ మనిషికి చెప్పలేదా? చెప్పింది. ఫోనులో అతను మొట్టమొదట అడిగిన మాట ధర గురించి కాదు. "కొలకర్ర ఉందా అమ్మా మీ దగ్గర? పోసేముందు ట్యాంకులో ముంచి ఒకసారి, పోశాక ఒకసారి మీరే చూసుకోవాలి. చూసుకోకపోతే నేను పొయ్యను. రేపు నామీద మాటొస్తుంది," అన్నాడు. ఆ ఒక్క మాటకే వాయా సరేనంది. అదే సాయంత్రం నిటారుగా ఉన్న బీచ్ చెట్టు కర్ర ఒకటి సంపాదించి, తానే గీతలు పెట్టుకుంది.

లాజోస్ సంగతి వేరు. వాళ్ళ పెళ్ళిలో ఇద్దరి తలల మీదా కిరీటాలు మార్చినవాడు లాజోస్. అంటే కుంబారోస్. అంతకుముందు అత్తమామల పెళ్ళిలో కిరీటాలు మార్చింది అతని తండ్రి. ఫ్లోరినా కొండల్లో ఈ చుట్టరికం రక్తసంబంధం కంటే గట్టిది. పెళ్ళికి కిరీటం పెట్టిన చెయ్యే తొలిబిడ్డని జ్ఞానస్నానంలో ముంచాలి, ఆ నోరే పేరు పలకాలి. అప్పటిదాకా బిడ్డకి పేరు లేనట్టే. వాయా కొడుకు పళ్ళొచ్చి, పాకి, అల్లరి మొదలుపెట్టినా ఇంకా 'బుజ్జిగాడే'. వచ్చే ఆదివారం లాజోస్ వాణ్ణి ఎత్తుకుని, చనిపోయిన తాత పేరు స్తెర్యోస్ అని పిలవాలి.

అలాంటివాడికి ఆయిలు లారీ కూడా ఉంటే, ఇక ఆ ఇంట్లో ఇంకొకడి గొట్టం దూరుతుందా?

దూరదు. అంతేనా, కొలకర్ర కూడా దూరదు. ఊళ్ళో ఎవరింటికి ఆయిలు లారీ వచ్చినా ఇల్లుగలవాడు కర్ర పట్టుకునే ఎదురొస్తాడు. అందులో తప్పేం లేదు, అమ్మేవాడూ ఏమనుకోడు. కానీ కుంబారోస్ ముందు కర్ర తియ్యడమంటే వాణ్ణి దొంగా అని పిలిచినట్టు. "వాడు పోసిన ట్యాంకులో కర్ర ముంచడం వాడి నోట్లో ముంచడమే," అనేవాడు మామగారు స్తెర్యోస్. లారీ వస్తే మామగారింట్లో జరిగేదల్లా భోజనం. లాజోస్ గొట్టం తగిలించి, పంపు నడిపించి, చేతులు కడుక్కుని వచ్చి బల్ల దగ్గర కూర్చునేవాడు. కూర నింపి కాల్చిన 'పై' రొట్టె వస్తుంది, కాల్చిన మిరపకాయలు వస్తాయి, చిపురో సారా గ్లాసు నిండుతుంది. కింద గొట్టం ఏం చేస్తోందో చూసే నాథుడు లేడు. దొంగని పిలిచి, పీట వేసి, వడ్డించడమంటే ఇదే కాదూ!

పోయిన చలికాలం వాయా కూడా ఆ ఇంట్లోనే ఉంది, చంటివాడితో. జనవరి మొదట్లో ఏసుక్రీస్తు జ్ఞానస్నానం పండగ దాటిందో లేదో ట్యాంకు ఖాళీ. ఇనప రేడియేటర్ ముట్టుకుంటే మంచుగడ్డ. బుజ్జిగాడికి రొమ్ము పట్టేసి, ఆస్పత్రిలో ముక్కుకి గొట్టం పెట్టారు. ఇంట్లో వాళ్ళేమన్నారు? "నువ్వే మరీ తెగ స్నానాలు చేయించావు," అంది అత్తగారు సుల్తానా. పాత ట్యాంకు కారుతోందన్నారు, దాన్ని పీకి కొత్తది పెట్టారు. దిష్టి తగిలిందన్నారు, ఫాదర్‌ని పిలిచి బాయిలరు మీద మంత్రజలం చల్లించారు. ఇన్ని చేశారు గానీ, ఒక్క కర్ర ముంచి చూద్దామన్న బుద్ధి ఒక్కరికీ పుట్టలేదు. వాయా ఆ మాటంటే అత్తగారు గబగబా సిలువ వేసుకుంది. మొహమాటానికి పోతే కడుపొచ్చిందని ఊరికే అన్నారా!

"చూడు," అంది వాయా మొగుడితో, "అతను లారీ తెస్తే తెచ్చాడు. నేను మాత్రం కర్ర ముంచుతా."

ఆర్గిరిస్ మొహం పాలిపోయింది. "ఆదివారం జ్ఞానస్నానం పెట్టుకుని? నీకేమన్నా మతిపోయిందా? అతను అలిగి రానంటే బిడ్డ సంగతేంటి?"

"బిడ్డ సంగతే నేనూ చెబుతున్నా. పేరున్న బిడ్డకి చలెయ్యదా?"

అంతలో వీధిలో లారీ హారను మోగింది. సుల్తానా అప్పటికే ఉల్లికాడల పై రొట్టె చేతపట్టుకుని తన ఇంటి నుంచి వచ్చేసింది. లాజోస్ దిగాడు. భారీ మనిషి, నవ్వు అంతకంటే భారీ. "ఏరా ఆర్గిరిస్, కొత్తిల్లు కళకళలాడుతోందే! ఏడీ నా బుజ్జిగాడు?" అని బుజ్జిగాణ్ణి ఎత్తి గాలిలోకి ఎగరేశాడు. వాడు కిలకిల నవ్వాడు. అది చూసి వాయాకి ఇంకా కడుపు మండింది.

"గొట్టం తగిలించెయ్యి నాయనా, తగిలించి లోపలికి రా. పై చల్లారిపోతుంది," అంది సుల్తానా.

లాజోస్ గొట్టం లాక్కుంటూ కింది గదిలోకి దిగేసరికి, ట్యాంకు పక్కన వాయా నిలబడి ఉంది. మూత తీసి ఉంది. కొత్తింటి ట్యాంకు ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. ఆమె చేతిలో కర్ర ఉంది.

"అదేంటి వాయా, నన్ను కొడతావా ఏంటి?" అని నవ్వాడు లాజోస్.

"లేదు కుంబారోస్. మీరు పొయ్యండి. మీరు పోసేదాకా నేనిక్కడే ఉంటా. తరవాత కర్ర ముంచుతా. ఆ తరవాత అందరం కలిసి పై తిందాం."

నవ్వు ఆగిపోయింది. పళ్ళెంతో వెనకే దిగిన సుల్తానా అందుకుంది. "ఏమే అమ్మాయ్! పరువు తీస్తావా మాది? తరతరాల చుట్టరికమే!"

"తరతరాలుగా చలికి చస్తున్నాం కదత్తయ్యా!"

"ఆర్గిరిస్! నీ పెళ్ళానికి చెప్పవేంట్రా?" అన్నాడు లాజోస్.

ఆర్గిరిస్ మెట్ల మీద ఆగిపోయాడు. "పోనీలే వాయా... ఈసారికి..." అని నసిగాడు.

"ఏ సారికి? వాడు మళ్ళీ ఆస్పత్రిలో పడ్డ సారికా?" వాయా గొంతు ఆ చిన్న గదిలో ఖంగుమంది. "చర్చిలో కిరీటం పెట్టారు, మీ చెయ్యి కళ్ళకద్దుకున్నాను. ఆ కిరీటం పెట్టినందుకు నా బిడ్డ చలికి వణకాలా? కొలిస్తే మీకేం నష్టం? సరిగ్గా పోసేవాడు కర్ర చూసి ఎందుకు ఉలిక్కిపడతాడు?"

"ఉలిక్కిపడేది నేనా? అవమానం! ఇది అవమానం!" లాజోస్ గొట్టం కొనని నేలకేసి కొట్టాడు. "ఆ కర్ర ట్యాంకులో పెట్టావంటే ఆదివారం నేను చర్చి గడప తొక్కను. మీ వాడు గడ్డాలొచ్చేదాకా బుజ్జిగాడనే పిలిపించుకుంటాడు!"

ఫాదర్‌కి చెప్పారు, చుట్టాలని పిలిచారు, తెల్లబట్టలు కుట్టించారు. పైన గదిలో వాడు ఏదో గరిటె పట్టుకుని నేలమీద బాదుతున్న చప్పుడు వినిపిస్తోంది. పేరు లేని పిల్లవాడు! ఏడుపొచ్చినంత పనైంది. అయినా వాయా కర్రని ట్యాంకులోకి దించింది. అడుగున అది టక్కుమని తగిలింది.

"ఇక పొయ్యండి," అంది.

లాజోస్ మొహం జేవురించింది. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నవాడిలా అరవడం మొదలెట్టాడు. "నన్నా? నన్నా కొలిచేది? అడుగు, ఊళ్ళోకెళ్ళి అడుగు! బడి పంతులు కొలుస్తాడు, రొట్టెల బట్టీవాడు కొలుస్తాడు, ఆఖరికి ఫాదర్ కూడా గౌను ఎగ్గట్టుకుని వచ్చి కర్ర ముంచుతాడు. ఇన్నేళ్ళలో కర్ర ముంచినవాళ్ళలో ఒక్కడికి, ఒక్కడికైనా వేలెడు తగ్గించానేమో అడుగు!"

ఆ మాట గోడలకి తగిలి ఆగిపోయింది. లాజోస్ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉన్నాడు. తానేమన్నాడో అతనికీ అప్పుడే తెలిసినట్టుంది.

సుల్తానా పళ్ళేన్ని మెల్లగా బాయిలరు మీద పెట్టింది.

"కర్ర ముంచినవాళ్ళకి తగ్గించలేదు," అంది. "మేమొక్కళ్ళమే కదరా లాజోస్, ముంచనిది."

"అది కాదు పిన్నీ, నేననేది..."

"మీ స్తెర్యోస్ బాబాయి ఆఖరి చలికాలం ఓవర్‌కోటు విప్పలేదురా. తిన్నా దాంతోనే, పడుకున్నా దాంతోనే. పోతే ఆ కోటు విప్పడానికి మేం ముగ్గురం పట్టాల్సొచ్చింది. లాజోస్‌ని ఇంకొంచెం పొయ్యమని అడుగుదామయ్యా అంటే, ఛ, వాడు సరిగ్గానే పోశాడు, మన ట్యాంకే దొంగముండ అన్నాడు." ఆమె లాజోస్ ఎదురుగా వచ్చి నిలబడింది. "ట్యాంకుని తిట్టుకుంటూ పోయాడురా నీ మీద నమ్మకంతో."

లాజోస్ ఆర్గిరిస్ వైపు చూశాడు. ఆర్గిరిస్ మెట్లు దిగాడు. గొట్టం కొన నేలమీంచి తీసి, తుడిచి కుంబారోస్ చేతికిచ్చాడు. "తీసుకెళ్ళు," అన్నాడు. అంతే. పెళ్ళయ్యాక అతను అంత చిన్న మాట అంత గట్టిగా అనడం వాయా అదే మొదటిసారి వినడం.

లారీ వెళ్ళిపోయింది. వీధిలో కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. పొద్దుగూకేసరికి ఊరంతా చెప్పుకుంటుంది, చెప్పుకోనీ.

"ఆదివారం?" అన్నాడు ఆర్గిరిస్, ఎవరినీ చూడకుండా.

"ఆదివారం చర్చిలో వాణ్ణి నేనెత్తుకుంటా," అంది సుల్తానా. "అమ్మా నాన్నా పట్టకూడదు గానీ నానమ్మ పట్టకూడదని ఫాదర్ అననీ చూద్దాం. మా ఆయన పేరు నా నోటితోనే చెబుతా." అని వాయా దగ్గరికొచ్చి చెయ్యి చాపింది. "ఆ కర్ర ఇలా ఇయ్యవే అమ్మాయ్. నా ఇంటికి కూడా పోయించుకోవాలి."

వాయా ఇచ్చింది. అత్తగారి వేళ్ళు చల్లగా ఉన్నాయి, ఎప్పటిలాగే.

ఆర్గిరిస్ త్రయానోస్‌కి ఫోను చేశాడు. నిన్న వద్దని, ఇవాళ రమ్మంటున్నందుకు నానా తంటాలుపడి క్షమాపణ చెప్పుకున్నాడు. అవతలివాడు ఒక్కటే అడిగాడు, కొలకర్ర ఉందా అని.

"ఉంది," అన్నాడు ఆర్గిరిస్. "మా అమ్మ చేతిలో ఉంది."