అయిపోయిందనే మాట

డ్రిల్లు మాస్టారి నోట్లో ‘పనిష్మెంట్’ అనే మాట నలిగినంతగా ఏ మాటా ఎవరి నోట్లోనూ నలిగి ఉండదు. బడికి ఆలస్యమైతే పనిష్మెంట్, బూటు లేసు ఊడితే పనిష్మెంట్. ఇంట్లోనూ అదే తంతు. తప్పు చేసినవాళ్లు చెక్క కుర్చీలో గోడవైపు తిరిగి కూర్చోవాలి. ఎవరూ పలకరించకూడదు. ఆయనే వచ్చి భుజం తట్టి “అయిపోయింది” అంటేనే లేవాలి. కూర మాడ్చినందుకు వాళ్లావిడ కూడా ఓసారి కూర్చుంది, ముసిముసిగా నవ్వుకుంటూ. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. “అయిపోయింది” అన్నాక ఆ తప్పు ఊసు జన్మలో ఎత్తడు.

కూతురు కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. నోటిదురుసులో అచ్చం తండ్రే. ఆయన రిటైరైన రోజు సభలో మైకు చేతికివ్వగానే, “మా నాన్నకి పనిష్మెంట్ తప్ప ఇంకో మాట రాదండీ!” అనేసింది. హాలంతా గొల్లుమంది. మెడలో దండతో కూర్చున్న ఆయనొక్కడే నవ్వలేదు.

ఇంటికొచ్చి కుర్చీ చూపించాడు. “పనిష్మెంట్.”

“ఊరుకో నాన్నా, నేనింకా చిన్నపిల్లనా?” అని ఆమె గదిలోకి పోయి తలుపేసుకుంది.

ఆయన కూతురితో మాట్లాడ్డం మానేశాడు. కూతురేమైనా తక్కువ తిన్నదా? తనూ బిగుసుకుంది. ఆ వారంలోనే ఆయన స్నానాలగదిలో కూలబడ్డాడు. పక్షవాతం. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది.

కొన్నాళ్లకి ఒక్క మాట తిరిగొచ్చింది. ఏ మాటో వేరే చెప్పాలా?

మంచినీళ్లకీ పనిష్మెంటే, ఫ్యాను ఆపమనడానికీ పనిష్మెంటే. మాటలు నేర్పడానికొచ్చే అమ్మాయి చెంచా బొమ్మ చూపిస్తే, “పనిష్మెంట్” అనేసి, తప్పని తెలిసి తల కొట్టుకున్నాడు.

“బాగా అలవాటైన మాటొకటి అలా మిగిలిపోతుందండీ. ఏమనాలో ఆయనకి తెలుసు, నోటికి రాదు,” అంది ఆ అమ్మాయి.

“నన్నూ అదే పేరుతో పిలుస్తున్నారు. ఇన్నేళ్లకి అసలు మాట బయటపడింది,” అని తల్లి నవ్వబోయి కొంగు నోట్లో కుక్కుకుంది.

కూతురికి నవ్వు రాలేదు. తను సభలో అన్నంత పనీ అయింది. నా పాడునోరే తగిలిందని కుమిలిపోయింది. ఆయన నోట “అయిపోయింది” అని వినకుండా తనకిక మనశ్శాంతి లేదు.

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక చెక్క కుర్చీ ఈడ్చుకొచ్చి, మంచం పక్కనే గోడవైపు తిరిగి కూర్చుంది.

“కూర్చున్నా నాన్నా. ఆ రోజే కూర్చోవాల్సింది. ఇక అనవూ?”

మంచం కిర్రుమంది. ఎడమచెయ్యి తడుముకుంటూ వచ్చి ఆమె భుజం తట్టింది.

“అ...” అన్నాడు. “అ... అ...”

“పనిష్మెంట్.”

మళ్లీ మొదలెట్టాడు. మళ్లీ అదే. ఏడుస్తూ, రొప్పుతూ, మళ్లీ అదే.

“లేవే తల్లీ, అయిపోయిందనే అంటున్నారు,” అంది తల్లి గుమ్మంలోంచి.

భుజం మీంచి చెయ్యి జారిపోయింది. ఆమె తిరిగి చూసేసరికి, ఆయన మంచం పట్టీ పట్టుకుని ఒళ్లు లాక్కుని లాక్కుని, తప్పు చేసినవాడిలా అవతలి గోడవైపు తిరిగిపోయాడు.

ఆమె గబగబా లేచి ఆయన భుజం తట్టింది. “అయిపోయింది నాన్నా. అయిపోయింది. ఇటు తిరుగు.”

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇటు తిరగలేదు.