ఐదో మనిషి

బిషప్ ఓగిల్వీ గారు గ్రిజెల్ మాసన్ ఇంట్లో దిగారని ఆ జాలరిపల్లెలో ఎరగని వాళ్లు లేరు. ఎరిగినట్టు కనబడిన వాళ్లూ లేరు. గొర్రెల బేరగాడిలా బూడిదరంగు కోటు తొడుక్కుని, బురద కొట్టుకుపోయిన పొట్టి గుర్రం మీద వచ్చారాయన. ఆయన తెల్ల అంగీని గ్రిజెల్ తన చేపలబుట్ట అడుగున దాచి తెచ్చి, ఉతికి, గంజిపెట్టి, చేతులమీది కుచ్చులు ఒక్కొక్కటీ వేళ్లతో సర్దింది. ఇప్పుడు ఆ అంగీలో ఆయన తన వంటగదిలో నిలబడి ఉంటే, రాజు కొలువులో కూడా ఇంత తెల్లటి చేతులుండవని ఆమెకు గర్వంగా ఉంది.

కల్లోడెన్ యుద్ధంలో ఓడిపోయిన యువరాజు పక్షం వహించారని, ఓగిల్వీ గారి క్రైస్తవ సంఘం వాళ్ల మీద ప్రభుత్వం కక్ష కట్టింది. సైనికులు పల్లె గుడి కప్పు తగలబెట్టారు. ఇంట్లో ఆరాధన చేసుకోవచ్చు. కాని ఇంటివాళ్లు కాక బయటివాళ్లు నలుగురికి మించకూడదు. ఐదో మనిషి ఉంటే చేయించిన గురువుకు జైలు. ఓగిల్వీ గారు ఆ జైలు చూసి, దగ్గు తెచ్చుకున్నారు. ఈసారి దొరికితే జైలు కాదు, ఓడెక్కించి సముద్రం అవతలి తోటల్లోకి వెట్టిచాకిరీకి పంపుతారు. ఇక తిరిగి రావడముండదు.

అందుకని పొద్దుటినుంచి నలుగురు వెళ్లాక నలుగురు వస్తున్నారు. ఆయన తలలమీద చేతులుంచి వాళ్లను విశ్వాసంలో స్థిరపరుస్తున్నారు. ఆ పని బిషప్ తప్ప మరొకరు చేయకూడదు. ఆయన మళ్లీ ఎప్పుడొస్తారో, అసలు వస్తారో రారో.

"ఇక ఐసొబెల్ మిగిలింది కదమ్మా," అన్నారాయన, చివరి నలుగురూ మోకరిస్తుంటే.

గ్రిజెల్ ముఖం గంటు పెట్టుకుంది. ఐసొబెల్ ఆమె కోడలు. జాలరి పిల్ల కాదు, మెట్టమీది రైతు కూతురు, బిషప్పులను ఒప్పుకోని అవతలి సంఘం మనిషి. గాలానికి ఎర గుచ్చడం రాదు. జాలరి ఇల్లాలు మగణ్ణి వీపున మోసి, కాళ్లు తడవకుండా పడవెక్కించాలి. అదీ రాదు. గ్రిజెల్ కొడుకు గిల్బర్ట్ తడికాళ్లతోనే పడవెక్కి వెళ్లాడు. తిరిగి రాలేదు. ఆనాటినుంచి గ్రిజెల్ కోడలిని గడప తొక్కనివ్వలేదు.

"ఇంకో ఇంట్లో చేయించండి అయ్యగారూ. నా గడపలో మాత్రం వద్దు."

"బలవంతపెట్టను," అన్నారాయన. "కాని మన సంఘం పాఠమంతా నాకు అప్పజెప్పింది. ఒక్క తప్పూ పోలేదు."

అంతలో తలుపు తోసుకుని ఐసొబెల్ లోపలికి వచ్చింది. వానకు తడిసిన శాలువా జారిపోయి, రొప్పుతోంది.

"సార్జెంటు! మూల ఇల్లు సోదా చేసి ఇటే వస్తున్నాడు. అయ్యగారిని దాచండి!"

మోకరించిన నలుగురూ లేచారు. ముసలి విల్లీ తలుపు సందులోంచి చూసి మళ్లీ మూశాడు. "దారిలోనే ఉన్నాడు. ఇప్పుడు ఎవరు బయటికెళ్లినా వాడి ఒళ్లోకే."

అప్పుడు గాని ఎవరికీ లెక్క తట్టలేదు. ఐసొబెల్ ముఖం పాలిపోయింది.

"నేనే... ఐదో దాన్ని నేనే కదూ?"

"మన ఇంటి మనిషేనని చెప్పు గ్రిజెల్," అన్నాడు విల్లీ. "నాలుగు ముక్కలేగా!"

"నా కోసం అబద్ధమాడొద్దమ్మా," అన్నారు బిషప్. అంగీ విప్పలేదు, గోడవైపు జరగలేదు. "ఈ చేతులు అబద్ధం చాటున పనిచేయవు. ఈ పిల్లను బయటికీ పంపను. ఓడ ఎక్కమంటే ఎక్కుతాను."

ఆయన దగ్గు ఆపుకోవడం గ్రిజెల్ విన్నది. ఆ దగ్గుతో ఆయన ఓడలో రేవు దాటేదాకా కూడా బతకరు. కోడలివైపు చూసింది. నీళ్లు కారుతున్న శాలువా, చలికి నీలమెక్కిన పెదవులు. ఈ పిల్ల ఇక్కడ అడుగు పెట్టిందని తెలిస్తే తండ్రి ఇంట్లోకి రానివ్వడు. అది తెలిసే పరుగెత్తుకొచ్చింది.

తలుపు దబదబమంది. ఎర్రకోటు సార్జెంటు వంగి లోపలికి వచ్చి, వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు.

"ఐదుగురు! దొరికారు గురువుగారూ."

"కళ్లున్నాయా బాబూ నీకు?" అంది గ్రిజెల్. "బయటివాళ్లు నలుగురు. అది నా కోడలు. ఈ ఇంటిదే."

సార్జెంటు పకపకా నవ్వాడు. "ఏం పెద్దమ్మా, నాకే చెవుల్లో పూలా? మీ అత్తాకోడళ్ల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని ఊరు ఊరంతా చెప్పింది."

"మండకేం చేస్తుంది? దాన్ని చూడు, దిష్టిబొమ్మలా నిలబడింది! ఏమే, ఆ గాలాల తాడు ఎవరు సర్దుతారు, నీ బాబా? ఎరలు కుళ్లిపోతున్నాయి, కదులు!"

ఐసొబెల్ బిత్తరపోయింది. మరుక్షణం ఆమె గడ్డం పైకి లేచింది. "ఏనాడైనా ఒక్కసారి నేర్పి ఏడ్చావా అత్తా? తిట్టడానికి మాత్రం నోరు బారెడు!"

"విన్నావా నాయనా? ఇదీ నా బతుకు!"

"అమ్మా తల్లీ, ఆపండి," అన్నాడు సార్జెంటు చెవులు మూసుకుంటూ. "మా ఇంట్లోనూ ఇదే పాట. పరాయి మనిషిని ఇలా ఎవరూ తిట్టరు." గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

విల్లీ నోటికి టోపీ అడ్డం పెట్టుకుని నవ్వాడు. బిషప్ మాత్రం నవ్వలేదు.

"గ్రిజెల్, నువ్వన్నది..."

"మీ ముందు అబద్ధమాడతాననుకున్నారా? కిటికీ పక్క గిల్బర్ట్ మంచం ఖాళీగానే ఉంది. అది దీనిదే."

"నన్నడిగావా?" అంది ఐసొబెల్. కళ్లు తుడుచుకోలేదు. "సార్జెంటు ముందు ఒక గడియ కోడలినై, రేపు మళ్లీ వీధిలో నిలబడతానా? నాకూ పౌరుషముంది."

గ్రిజెల్ ఎవర్నీ దేన్నీ అడిగిన మనిషి కాదు. ఇప్పుడు నలుగురి ముందూ, బిషప్ ముందూ అడగాలి.

"ఉండిపోవే," అంది చివరికి. "వాణ్ణి పడవదాకా నేను కూడా ఆ రోజు మొయ్యలేదు. నా నడుం పట్టేసిందని పడుకున్నాను. నిన్ను తిట్టి ఏం లాభం? ఉండిపో."

ఐసొబెల్ వెళ్లి, మళ్లీ మోకాళ్లూనిన నలుగురి పక్కన మోకరించింది.

బిషప్ గారు కుచ్చుల చేతులు సరిచేసుకుని వరసగా నాలుగు తలలూ ముగించి, ఐదో తల దగ్గర ఆగారు. స్థిరపడే ప్రతి మనిషికీ ఒక సాక్షి ఉండాలి.

"ఈమె తరఫున నిలబడేదెవరు?"

చేపలబుట్టలు మోసి మోసి వంగిన వీపు నిటారు చేసి, గ్రిజెల్ ముందుకొచ్చింది.

"నేనండీ," అంది, వీధిలోకి వినబడేంత గట్టిగా. "దీని అత్తగారిని."