పెబ్‌కాక్ గారు

మలికిపురంలో బుల్లిరాజు గారి కంప్యూటర్ టైపింగ్ సెంటర్‌లో వీరవేణి పనికి చేరి రెండు నెలలైంది. రెండువేల రెండు, శ్రావణమాసం. వారం రోజులుగా ముసురు వదల్లేదు. ఓ పొద్దున్న టైపు చేస్తుంటే బల్ల కిందున్న స్టెబిలైజర్ ఇనపపెట్టెకి ఆమె మడమ తగిలింది. కాలు జిల్లుమంది.

"కరెంటు కొడుతోందండీ" అంది.

బుల్లిరాజు గారు అమలాపురం నుంచి మెకానిక్ సూరిబాబుని పిలిపించేరు. అతను రబ్బరు చెప్పులతోనే నిలబడి కంప్యూటర్ని అటూ ఇటూ తడిమేడు. ఏమీ కాలేదు. బల్ల కిందకి వంగనే లేదు. చీటీ మీద 'పెబ్‌కాక్' అని రాసిచ్చేడు.

"అదేం రోగమయ్యా?" అన్నారు బుల్లిరాజు గారు.

"మా మెకానిక్కుల సరదా మాటండి. ఇంగ్లీషు ముక్కలకి పొడి అక్షరాలు. తప్పు మిషన్లో లేదు, కీబోర్డుకీ కుర్చీకీ మధ్యనున్న మనిషిలో ఉందని అర్థమండి."

బుల్లిరాజు గారు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వేరు. వీరవేణి కూడా నవ్వాల్సొచ్చింది.

ఆ రోజు నుంచి ఆమె పెబ్‌కాక్ గారైపోయింది. జిరాక్సులకొచ్చే కాలేజీ పిల్లలు కూడా "పెబ్‌కాక్ గారూ, మా అప్లికేషనయ్యిందాండీ?" అనేవారు. నాలుగు రోజులకి కాలు మళ్ళీ తగిలింది. ఈసారి మోకాలి దాకా లాగింది. చెబుదామని లేచి, నవ్వుతారని కూర్చుండిపోయింది. మర్నాడు ఇంటి నుంచి చెక్కపీట తెచ్చుకుని, కాళ్ళు దాని మీద పెట్టుకుని పని చేసుకుంది.

తరవాతి మంగళవారం కిటికీలోంచి జల్లు కొట్టి గదంతా తడిసింది. ఊడ్చే లోవమ్మ ఉత్తకాళ్ళతో వచ్చి, నేల తుడుచుకుంటూ బల్ల దగ్గరికొచ్చింది.

"పీట తియ్యనాండీ?" అంటూనే చెయ్యి లోపలికి పోనిచ్చింది.

"పిన్నీ, అటు వద్దు..."

వీరవేణి మాట పూర్తి కాలేదు. లోవమ్మ గొంతులోంచి సన్నగా మూలుగు వచ్చింది. మనిషి కర్రలా బిగుసుకుపోయింది. చెయ్యి పెట్టెని వదల్లేదు. బుల్లిరాజు గారు పట్టుకోబోయేరు.

"ముట్టుకోకండి!" అని అరిచి వీరవేణి గోడ దగ్గరికి పరిగెత్తి మెయిన్ దించేసింది.

లోవమ్మ బతికింది. సాయంత్రం సూరిబాబు వచ్చి స్టెబిలైజర్ మూత విప్పేడు. లోపల తీగ మీది రబ్బరు పొడిగా రాలిపోయి, రాగి ఇనపరేకుకి ఆనుకుని ఉంది.

"నేను వంగి చూడాల్సిందమ్మా" అన్నాడు.

"నేను రెండోసారి చెప్పాల్సిందండి" అంది వీరవేణి.

మర్నాడు టీ పట్టుకుని ఆసుపత్రికెళ్ళింది. లోవమ్మ కుడి అరచేతికి కట్టు కట్టేరు. రెండు వేళ్ళు ఇక వంగవన్నారట డాక్టరు గారు. వీరవేణి మంచం పక్కన కూర్చుని, కరెంటు వస్తోందని తనకి ముందే తెలుసనీ, తన కాళ్ళు మాత్రం కాపాడుకున్నాననీ చెప్పేసింది.

లోవమ్మ పైకప్పు వంక చూసింది.

"నా చెవిన ఓ మాటెయ్యలేకపోయేరా అమ్మాయి గారూ" అంది.

వీరవేణి గ్లాసు నోటి దగ్గర పెట్టబోతే, ఎడం చేత్తో నెమ్మదిగా పక్కకి జరిపి, గోడ వైపు తిరిగి పడుకుంది.