రిపోర్టు చదివిన కళ్ళజోడు

నేను ఒక కళ్ళజోడును. దగ్గరి చూపుకి వాడేదాన్ని. దూరాన ఉన్న కొండలతో, గోపురాలతో నాకు పనిలేదు. జానెడు దూరంలో ఉన్న అక్షరమే నా రాజ్యం. నా అద్దాల మీద ఎవరైనా వేలిముద్రలు వేస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. ముక్కు మీద కోపం అంటారే, నేనుండేదే అక్కడ, ఏం చెయ్యను!

పుట్టింది ఏ ఊరో గుర్తులేదు. కాకినాడలో ఓ కళ్ళద్దాల షాపులో చాలాకాలం వేలాడాను. ఎన్ని ముక్కులెక్కి దిగానో! వచ్చిన ప్రతివాడూ నన్ను పెట్టుకుని అద్దంలో తన మొహమే చూసుకునేవాడు. నాలోంచి ఏం కనిపిస్తోందో పట్టించుకున్నవాడు ఒక్కడు లేడు. చివరికి సైకాలజిస్టు శేషఫణి గారు కొన్నారు. పిల్లల తెలివితేటల్ని, చదువులో వాళ్ళ ఇబ్బందుల్ని పరీక్షించి రిపోర్టు రాసివ్వడం ఆయన వృత్తి.

మనిషి మంచివాడే. మాట వెన్న. కలం పట్టుకుంటే మాత్రం పూనకం వచ్చేది. తల్లిదండ్రుల కోసం రిపోర్టు తెలుగులో రాస్తానని ఆయనకి గొప్ప. ఓరి నాయనో, అదేం తెలుగు! నాకే రెండు అద్దాలూ చాలేవి కావు. సులువుగా రాస్తే ‘ఈమాత్రం మాకూ తెలుసు’ అంటారని ఆయన భయం. అందుకని ఎడమపక్కన ఓ పాత రిపోర్టు పెట్టుకుని, అందులోని వాక్యాల్ని పీకి కొత్తదాంట్లో నాటేవారు. ఆఖరి వాక్యం ఏ పిల్లలకైనా ఒకటే: ‘బౌద్ధిక వైకల్య సంభావ్యతను ఈ దశలో నిర్ద్వంద్వముగా నిరాకరింపజాలము.’ రేపెవరూ తన మీదికి రాకుండా వేసుకున్న గడియ అది.

ఓ రోజు అంబాజీపేట నుంచి కొబ్బరికాయల వ్యాపారి తాతాజీ తన కూతురు మృదులని తీసుకొచ్చాడు. పిల్ల ఆరో తరగతి. చదవడం రావడం లేదట. తెలివి ఉందో లేదో రాయించుకు రండి, లేదంటే టీసీ ఇచ్చేస్తాం అన్నారట బళ్ళో.

శేషఫణి గారు ఓ పాఠం చదవమన్నారు. మొదటి వరసలోనే పిల్ల తడబడి, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పుస్తకం మూసేసి, ఆయనే ఓ కథ చదివి వినిపించి, తిరిగి చెప్పమన్నారు. పిల్ల కథంతా చెప్పింది. మధ్యలో ఆయన దగ్గితే, సరిగ్గా ఆ చోట తనూ ఆగి, ఆయనలాగే దగ్గి మరీ చెప్పింది. “గట్టిపిండానివే!” అంటూ ఆయన నవ్విన నవ్వుకి నేను ముక్కు చివరిదాకా జారిపోయాను.

ఆ తర్వాత రాయడానికి కూర్చున్నారు. పాత రిపోర్టు పక్కకి వచ్చింది. కథా పోయింది, దగ్గూ పోయింది. ‘శ్రవణ స్మృతి సాపేక్షముగా అక్షుణ్ణము’ అన్న ముక్క మిగిలింది. ఆఖరున మామూలే, నిరాకరింపజాలము. నాకు సిగ్గేసింది. ఆ అక్షరాలన్నీ నాలోంచి చూసే కదా రాశారు.

రిపోర్టు కోసం తాతాజీ ఒక్కడే వచ్చాడు.

“మీ కళ్ళజోడోసారి ఇస్తారాండి? నాది ఇంటికాడ మర్చిపోయానండి” అన్నాడు.

నన్ను పెట్టుకుని కూడబలుక్కుంటూ మొదలుపెట్టాడు. “సంజ్ఞానాత్మక... సామర్థ్య... విషమ విన్యాస...” రెండో పేజీకి చెమటలు పట్టి నా అద్దాలు మసకబారాయి.

“అక్షరాలు బాగానే కనపడతన్నాయండి. మా పాప బళ్ళో ఉంటదా ఉండదా అన్నదే కనపడట్లేదండి.”

“అంతా అందులోనే ఉందండీ. స్కూలువాళ్ళు చదువుకున్నవాళ్ళు, వాళ్ళకి అర్థమవుతుంది.”

“ఆయ్” అని దణ్ణం పెట్టి, నన్ను నెత్తిమీదికి తోసుకుని, ఆ దిగుల్లో అలాగే వెళ్ళి బస్సెక్కేశాడు. అరిచి చెబుదామంటే నాకు నోరేదీ?

బస్సు దిగి నేరుగా బడికెళ్ళాడు. ప్రిన్సిపాల్ రత్నకుమారి గారు మృదులని కూడా గదిలోకి పిలిపించారు. రిపోర్టు అటూ ఇటూ తిప్పి, అందరిలాగే ఆవిడా ఆఖరి వాక్యానికి దూకారు.

“‘లేదనలేం’ అంటున్నారంటే ఉన్నట్టేగా తాతాజీ గారూ. మా దగ్గర కష్టమండి, టీసీ తీసుకోండి.”

మృదుల తండ్రి చొక్కా అంచు పట్టుకుంది. తాతాజీ ఫోన్ తీసి, అందరికీ వినపడేలా పెట్టి, శేషఫణి గారికి చేశాడు.

“సార్, మా పాపకి బుద్ధి లేదని రాశారాండి?”

“ఛఛ! ఎవరన్నారండీ? ఉండండి, కాపీ చూసి చెప్తాను... నా కళ్ళజోడు ఏమైపోయిందో...”

“అది నా నెత్తి మీదుందండి! చూడకుండానే చెప్పండి సార్!” అన్నాడు తాతాజీ, నెత్తి తడుముకుని.

పాపం, ఆయనకి నేను లేను. నేను లేకపోతే పాత రిపోర్టూ లేనట్టే. చేతికి దొరికిందల్లా ఆ పిల్ల జ్ఞాపకమే.

“మీ పాప తెలివికేం లోటు లేదండీ. ఒక్కసారి విని కథంతా అప్పజెప్పింది, నా దగ్గుతో సహా! అక్షరాలు చూసి చదవడమే తనకి కష్టం. అది నేర్పే పద్ధతి వేరే ఉంది, నా దగ్గరికి పంపండి, నేర్పుతాను. ఈలోపు పరీక్షల్లో ప్రశ్న ఎవరైనా చదివి వినిపించి, కాస్త టైం ఎక్కువిస్తే చాలు. బడి మార్చక్కర్లేదు.”

రత్నకుమారి గారు ఫోన్ దగ్గరికి వంగారు. “ఏవండీ సార్, ఈ ముక్కే రాసివ్వచ్చుగా?”

“అలా రాస్తే రిపోర్టులా ఉండదు కదండీ...”

“మీరు మళ్ళీ చెప్పండి, నేను రాసుకుంటాను” అని ఆవిడే కాగితం తీసుకున్నారు. మృదుల చొక్కా అంచు వదిలి క్లాసుకి పరిగెత్తింది.

సంతకం కోసం తాతాజీ ఆ సాయంత్రమే మళ్ళీ కాకినాడ వెళ్ళాడు. శేషఫణి గారు ఆ కాగితాన్ని దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు, లాభం లేకపోయింది. తాతాజీ నన్ను ఆయనకివ్వకుండా తనే పెట్టుకుని, ఎక్కడా తడుముకోకుండా గడగడా చదివి వినిపించాడు. వేలు పెట్టి చూపించిన చోట ఆయన సంతకం చేశారు. ఆయన చదవలేకపోయిన మొదటి రిపోర్టు అదే, ఇతరులు చదవగలిగిన మొదటి రిపోర్టూ అదే. నన్ను తిరిగి ఇవ్వబోతే, “ఉంచుకోండి, కొత్తది చేయించుకుంటాను” అన్నారు తలెత్తకుండా.

అలా నేను కొబ్బరికాయల కొట్టుకి చేరాను. అద్దాల నిండా పీచు దుమ్ము. కోపం వస్తూనే ఉంటుంది. సాయంత్రాలు మృదుల వచ్చి, అక్షరాల కింద వేలు పెట్టుకుని మెల్లగా చదువుతుంటే మాత్రం ఏ దుమ్మూ గుర్తుండదు. ఇప్పుడు ఏడో తరగతి, అదే బడి.

మొన్న పక్క కొట్టు వీర్రాజు తన కొడుకు రిపోర్టు పట్టుకుని వచ్చాడు. శేషఫణి గారు బంగారు రంగు ఫ్రేముతో కొత్త కళ్ళజోడు చేయించుకున్నారట. రిపోర్టు అంతే లావు, ఆఖరి వాక్యం కూడా అదే. వీర్రాజు మొహం పాలిపోయి ఉంది.

తాతాజీ నన్ను ముక్కు మీద సర్దుకుని, ఆ వాక్యం దాకా చదివి, నిట్టూర్చి ఫోన్ తీశాడు.

“సార్, తాతాజీనండి. వీర్రాజుగారబ్బాయి సంగతండి. ఆయ్... మీరోసారి కళ్ళజోడు తీసేసి చెప్పండి.”