గ్యాసే అన్న మగవాళ్ళూ, నేనూ

నేను ఒక పడక కుర్చీని. మండపేటలో ఒక వడ్రంగి నన్ను టేకు చెక్కతో చేసి, చారల గుడ్డను పైనా కిందా రెండు కర్రలతో బిగించాడు. పై కర్ర లాగేస్తే ఎంతటి జమీందారైనా నేల మీద పడాల్సిందే.

ఈ ఇంట్లో నా మీద మగవాళ్ళే కూర్చోవాలి. ఆడవాళ్ళు కూర్చుంటే అరిష్టమట. ఆ అరిష్టమేమిటో గానీ, కూర్చున్నవాళ్ళకే తగిలింది. తాతగారు నా ఒడిలోనే గుండె పట్టుకుని, "గ్యాసే" అని సోడా తాగి పోయారు. ఆయన కొడుకూ అంతే. ఇద్దరి ఫోటోలూ దండలతో గోడ మీదున్నాయి. పొయ్యి దగ్గరా నూతి దగ్గరా నిలబడే బతికిన ఆ కొడుకు భార్య అచ్చాయమ్మ మాత్రం, తొంభైకి దగ్గరపడి ఇంకా జంతికలు కొరుకుతోంది. నేను డాక్టర్ని కాను, చూసింది చెబుతున్నాను.

ఇప్పుడు ఆవిడ కొడుకు వీర్రాజు వంతు వచ్చింది. మెట్లెక్కితే ఆయాసం, ఎడమ భుజం లాగుడు. ఆస్పత్రికి వెళదామని భార్య సత్యవేణి బతిమాలితే నా మీద వాలిపోయాడు.

"గ్యాసే. సోడా తెప్పించు."

గోడ మీద ఫోటోల పక్కన ఒక మేకు ఖాళీగా ఉంది. సత్యవేణి దానివంక చూసింది. నిజం చెప్పొద్దూ, నాకూ భయమేసింది.

మర్నాడు వీర్రాజు టిఫిను తిని వచ్చేసరికి నా గుడ్డ వేలాడుతోంది. పై కర్ర లేదు.

"కర్రేదే?"

"డాక్టరమ్మగారి దగ్గర పెట్టొచ్చానండి. మీరొత్తేనే ఇత్తారంట."

"అమ్మా, చూశావా దీని వరస?"

అచ్చాయమ్మ జంతిక నమలడం ఆపింది. "మీ నాన్నప్పుడు నాకీ బుద్ధి పుట్టలేదురా. ఎల్లు."

తిట్టుకుంటూ వెళ్ళాడు. కర్ర కోసం వెళ్ళినవాణ్ణి పరీక్షించి, డాక్టరమ్మ అటునుంచి అటే కాకినాడ పంపింది. గుండె రక్తనాళం పూడుకుపోయిందట. ఇంకొన్నాళ్ళు సోడాతో సరిపెట్టుకుంటే ఆ మేకుకు పని పడేదే.

వైద్యం చేయించుకుని, కర్ర చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు. నన్ను తనే బిగించాడు. కూర్చోబోయేలోగా సత్యవేణి కూర్చుంది.

"ఆడాళ్ళు కూకోకూడదే."

"మిమ్మల్ని నడవమన్నారు. ఈది సివరిదాకా ఎల్లొచ్చి, అప్పుడు చెప్పండి."

గొణుక్కుంటూ బయల్దేరాడు. ఇన్నేళ్ళలో నా ఒడికి వచ్చిన మొదటి ఆడమనిషి కళ్ళు మూసుకుంది గానీ, నిద్రపోలేదు. వేళ్ళు నా చేతులను గట్టిగా పట్టుకునే ఉన్నాయి. ఆయన తిరిగొచ్చిన వీధి గేటు చప్పుడయ్యాకే ఆ పట్టు సడలింది.

ఆయన లోపలికి వచ్చేసరికి ఆవిడ గురక పెడుతోంది.