ఇటుక కనబడేదాకా

భాస్కర్ ముందు ఫోటో తీశాడు. ఆ తర్వాతే అంబులెన్సుకు ఫోన్ చేశాడు.

వసంత ఇది కళ్లారా చూసింది. కోకాపేటలో అద్దాల మేడల ముందు, ఫుట్‌పాత్ మీద తిరుపతి పడి ఉన్నాడు. గడ్డపార నేలలోని కరెంటు కేబులుకు తగిలి భగ్గున మంట లేచింది. రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. గుంత గట్టున పెట్టుకున్న ఫోను కూడా ఆ మంటలోనే మాడిపోయింది. మనిషి నీళ్లు, నీళ్లు అని మూలుగుతుంటే సూపర్‌వైజర్ భాస్కర్ గుంతనూ గడ్డపారనూ నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసుకున్నాడు. కాంట్రాక్టు కంపెనీకి మనిషి బతుకుతాడా లేదా అన్నది తర్వాతి సంగతి. తప్పు ఎవరి నెత్తిన వేయాలన్నదే ముందు.

మరునాడు పొద్దున చందానగర్ స్టోర్ యార్డులో హాజరు వేళకు నలభై మంది చేరారు. భూమి కింది కేబుళ్ల కోసం తవ్వేవాళ్లు, వాటిని అతికేవాళ్లు, వసంతలా సర్వే చేసేవాళ్లు. భాస్కర్ ఒక కాగితం పట్టుకొచ్చాడు.

"తిరుపతి మ్యాపులో చూపించిన చోట తవ్వలేదండి. పక్కకి జరిగి తవ్వాడు. కేబుల్ పాడుచేశాడని కంపెనీ కేసు పెట్టింది. పదకొండింటికి ఎస్సైగారు స్పాటుకి వస్తారు. ఈలోపు అందరూ సంతకాలు పెట్టేయండి. మనకెందుకొచ్చిన గొడవ?"

మనకట! చేతులు కాలినవాడు ఆ లెక్కలో లేడు కాబోలు.

తిరుపతి భార్య చంద్రమ్మ దవాఖాన నుంచి నేరుగా అక్కడికే వచ్చింది. "కాలినోని మీదనే కేసా? మీరు మనుషులేనా? ముద్ద గూడ నేనే నోట్ల పెడుతున్న, గా చేతులతోని సంతకమెట్ల పెడ్తడు, కోర్టుకెట్ల వస్తడు?"

నిజం వసంతకు తెలుసు. కొత్త కేబుల్ వేయడానికి తిరుపతి మ్యాపు చూపిన చోటే తవ్వాడు. అక్కడ పాత కేబుల్ లేదని మ్యాపు చెప్పింది. మ్యాపుకు అలా చెప్పింది వసంత.

ఆరు నెలల కింద కంపెనీ అందరికీ ఫోన్లిచ్చింది. పాత కేబుల్ పోయే దారి వెంట నడిచి ఫోనులోని మ్యాపు మీద పాయింట్లు పెట్టమంది. రోజుకు అరవై. అద్దాల మేడల మధ్య ఫోనులోని నీలం చుక్క ఒకచోట నిలవదు. రోడ్డు మీద నిలబడ్డ మనిషిని గోడలో చూపిస్తుంది. అది కుదురుకునేదాకా ఆగాలి, ఆగితే అరవై కావు. పైగా ఆ మేడ సెక్యూరిటీవాళ్లు ఆమెను ఫుట్‌పాత్ మీద నిలబడనివ్వలేదు. వసంత రోడ్డుకు అవతల నిలబడి అందాజుగా పదకొండు పాయింట్లు నొక్కేసింది. మ్యాపులో కేబుల్ ఫుట్‌పాత్ వదిలి పక్కకు జరిగిపోయింది. సాయంత్రం భాస్కర్ శభాష్ అన్నాడు కూడా.

నోరు మూసుకుంటే తిరుపతి దోషి. నోరు విప్పితే తను.

"గా పాయింట్లు పెట్టింది నేను," అంది వసంత. "తప్పు పెట్టిన. తిరుపతన్న మ్యాపు చూసే తవ్విండు."

చంద్రమ్మ వచ్చి ఆమె భుజాలు పట్టుకుని కుదిపేసింది. "నువ్వానే? నా ఇంట్ల బువ్వ తిన్నదానివి, నువ్వానే?"

"నేనే వదినె."

భాస్కర్ మొహం వెలిగింది. "అంతే కదమ్మా! కాగితం మార్చేద్దాం. వసంత నిర్లక్ష్యం వల్ల అని రాస్తే సరిపోతుంది."

అప్పుడు వీరేశం లేచాడు. ఆ నలభై మందిలో అందరికన్నా పెద్దవాడు, ముప్ఫై ఏళ్లుగా కేబుళ్లు తవ్వుతున్నవాడు.

"ఆగు సారూ. నా పేరు గూడ రాయి. గచ్చిబౌలి లైనంత నేను ఛాయ్ బండి కాడ కూసోని పెట్టిన."

"నాది గూడ రాయి," అంది వెనక నుంచి భూలక్ష్మి. "మూడొందలు పెట్టిన, ఒక్కదానికి గూడ ఆగలే."

"నాది గూడ!" "నాది గూడ!" యార్డు అంతా గోలగోలైంది. "చుక్క నిలవకున్నా నొక్కుమన్నది ఎవరు సారూ? నువ్వే గదా!"

"పనిల నుంచి తీసేస్తే కిరాయి ఎట్ల కట్టాలె?" అని ఎవరో భయంగా అడిగారు.

"రేపు నీ చేతులు కాలితే ఎట్ల కడ్తవ్?" అన్నాడు వీరేశం. "ఎన్కట మేం చేతి గుంత తీసేటోళ్లం. పారతోని, మెల్లగ, మోకాలి లోతు. కేబుల్ మీద ఇటుకలు పరిచి ఉంటయ్. ఇటుక కనబడేదాకా గడ్డపార ముట్టొద్దు. మా ఉస్తాద్ పెట్టిన కట్టు అది. గంటన్నర పట్టేది. గీ ఫోనొచ్చి గుంతకు నలభై నిమిషాలేనన్నది. దాటితే హాజరు పాయె. గా భయానికే చేతి గుంత ఇడిసిపెట్టినం."

చంద్రమ్మ చేతులు వసంత భుజాల మీద నుంచి జారాయి. అందరినీ ఒకసారి కలియజూసింది. "సంతకం పెడ్తరా?"

"పెట్టం!"

"అయితే నడువుండ్రి."

ఆ పొద్దు నలభై మందీ ఎవరి పనిచోటికి వాళ్లు పోలేదు. ఆఫీసు నుంచి భాస్కర్‌కు ఫోన్ల మీద ఫోన్లు. మ్యాపు మీద నలభై చుక్కలూ కోకాపేటలో ఒక్కచోట కుప్పపడ్డాయేమిటని అడుగుతున్నారు. ఫోన్లు కట్ చేస్తూ అతనూ అక్కడికే వచ్చాడు.

తిరుపతి పడిన గుంతను కంపెనీ అప్పటికే పూడ్చి టైల్స్ పరిచేసింది. వసంత అదే వరసలో పదడుగులు ముందుకు నడిచి, ఫోను తెరిచి, పదకొండింటికి వచ్చిన ఎస్సైకి చూపించింది. "సార్, ఈడ కేబుల్ లేదంటుంది మ్యాపు. చూడుండ్రి."

"తవ్వడానికి పర్మిషన్ ఉందా?"

"మా పానాలు కాపాడుకునేటందుకు పర్మిషన్ ఏంది సారూ?" అన్నాడు వీరేశం.

గడ్డపారలన్నీ ఓ పక్కన పెట్టేశారు. టైల్స్ లేపి పారతో మెల్లగా, వంతులవారీగా మట్టి తీశారు. మెడలో కార్డులు వేలాడేసుకున్న ఆఫీసువాళ్లు మేడలు దిగి వచ్చి చుట్టూ నిలబడ్డారు. నలభై నిమిషాలు దాటాయి. నలభై ఫోన్లూ ఎర్రబడి మోగాయి. ఎవరూ వాటిని చూడలేదు.

చంద్రమ్మ పార అందుకుని వసంత చేతిలో పెట్టింది. "తియ్యి. నువ్వు పెట్టిన తప్పు నువ్వే బయటికి తియ్యి."

వసంత గుంతలోకి దిగింది. మోకాలి లోతుకు వచ్చేసరికి పార గరుకుగా రాసుకుంది. చేతులతో మట్టి తోసింది. ఎర్రటి ఇటుకలు, ఒకదాని పక్కన ఒకటి, మ్యాపు ఏమీ లేదన్న చోట.

"ఇటుక!" అని వీరేశం అరిచాడు. నలభై గొంతులూ అందుకున్నాయి.

ఎస్సై గుంతలోకి చూశాడు, భాస్కర్ వంక చూశాడు. భాస్కర్ ఫోనులో ఎవరితోనో మాట్లాడి, ఆ ఫోను ఎస్సైకి ఇచ్చాడు. రెండు నిమిషాల్లో చట్టం మనసు మారింది. అనుమతి లేకుండా రోడ్డు తవ్వినందుకు వసంతనూ వీరేశాన్నీ వ్యాను ఎక్కించారు.

చంద్రమ్మ ఒక ఇటుకను కొంగుతో తుడిచి వ్యానులో వసంత పక్కన పెట్టింది. "దీన్ని గూడ పట్కపోండ్రి సారూ. మా ఆయన తరఫు సాక్ష్యం గిదే. స్టేషన్ల జర భద్రంగ పెట్టుండ్రి."

వ్యాను కదిలింది. మీరు పనిచోటు దాటి వెళ్తున్నారని వసంత ఫోను అరవడం మొదలుపెట్టింది. ఆమె దాన్ని అరవనిచ్చి, ఇటుకను ఒళ్లో పెట్టుకుని జాలీలోంచి వెనక్కి చూసింది. చంద్రమ్మ పార భుజాన వేసుకుని ముందు నడుస్తోంది. ముప్ఫై ఎనిమిది మందీ ఆమె వెంట ఇంకో పదడుగులు ముందుకు నడిచి, తర్వాతి టైలు లేపుతున్నారు.