మైల రోజుల్లో భూమిపూజ

మా అబ్బాయి అజయ్ విశ్వేశ్వరరావు సారు దగ్గర డ్రైవరు. సారు తెలంగాణ ఉద్యమ సభలో మైకు పట్టుకుంటే మా పుప్పాలగూడ అంతా చప్పట్లు కొట్టేది. కొత్త రోడ్డు ఎటు పోవాలో తేల్చే కమిటీకీ ఆయనే పెద్ద.

తెలంగాణ కోసం సమ్మె జరిగే రోజుల్లో ఓ పొద్దున అజయ్ సంబరంగా ఇంటికొచ్చాడు. సారు కొత్తగా కొన్న జాగాను అజయ్ పేరున రిజిస్ట్రేషన్ చేయిస్తాడట. భూమిపూజకు వాడూ, నా కోడలు సరితా పీటల మీద కూర్చోవాలట, ఆ తర్వాత సంతకాలట. ఆయన జాగాకు నీ పేరెందుకని అడిగాను. నమ్మకస్తుణ్ణని చెప్పాడు. రేపేదైనా జరిగితే పోలీసులు పేరు చూసుకునే కదా వస్తారు. ఆ మాటంటే, నీకన్నీ భయాలేనని సరిత ముందే నవ్వాడు.

ఇంతలో మా సొంతూళ్లో మా ఆయన చిన్నాయన కాలం చేశాడు. దాయాదులం కాబట్టి మాకూ మైల. సారుకు చెప్పనని అజయ్ మొండికేశాడు.

"ముసలాయన ఊళ్లె పోతే గీడ ఎవ్వరికి ఎర్కైతదే?"

చివరికి నేనే ఫోన్ చేశాను.

"సారూ, మా ఇంట్ల మైల పడ్డది. మావోడు పీటల మీద కూసుంటే మీ జాగకే కీడైతది."

ముహూర్తం చూడందే గడప దాటని మనిషాయన. "ముందుగాల చెప్పి మంచిపని చేసినవమ్మా," అన్నాడు. అంత మంచి ముహూర్తం మళ్లీ రాదని భార్యతో తనే పీటల మీద కూర్చున్నాడు. మావాడి సంతకాలు మైల తీరాక చూద్దామన్నాడు.

పూజ చేయించే అయ్యగారు గోత్రం అడిగితే దేవుడి ముందు వేరేవాళ్లది ఎలా చెబుతాడు? తన గోత్రం, తన పేరు, పెళ్లాం పిల్లల పేర్లు అన్నీ మైకులో చదివించాడు. ఎక్కడికెళ్లినా వీడియో తీయించుకోవడం ఆయనకు అలవాటు. అదీ తీయించాడు.

మైల తీరకముందే గొడవ లేచింది. కమిటీ రోడ్డును ఆ జాగా వైపే తిప్పిందన్నారు. అక్కడ తనకు గజం భూమి కూడా లేదని సారు ఉద్యమ సభలోనే చెప్పాడు. ఆ సాయంత్రమే టీవీలో పీటల మీద ఆయన కనిపించాడు, ఆయన గోత్రం వినిపించింది. ఆ వారమే కమిటీ పదవికి రాజీనామా ఇచ్చాడు.

తర్వాత అజయ్‌ని స్టేషన్‌కు పిలిచారు. ఇక లోపలే ఉంచుతారని టిఫిన్ డబ్బా కట్టుకుని గేటు దగ్గర కూర్చున్నాను. మధ్యాహ్నానికి వాడే నడుచుకుంటూ బయటికొచ్చాడు.

"అన్ని కాగితాలు చూసిన్రమ్మా. నా సంతకం ఏడ లేదు. ఇంటికి పొమ్మన్నరు."

నేను డబ్బా వాడి చేతికిచ్చాను. వాడు పక్కన కూర్చుని డబ్బా తెరిచి గబగబా తిన్నాడు.

"జర ఊరికి పోయొద్దమే. పోయిన తాతకు దండం పెట్టొస్త," అన్నాడు.

రేపట్నుంచి ఐటీ వాళ్ల క్యాబ్ నడుపుతాడట, రాత్రి డ్యూటీ. ఆ భయం రేపు పడతాను. ముందు వాడికి ఇంకో ముద్ద కలిపి పెట్టాను.